బిషప్ తోక

ఎముకల వార్డు, అడిలైడ్
1983 ఆగస్టు 9

తమ్ముడు మెర్విన్‌కి,

తుంటి ఎముకలో మేకు దిగ్గొట్టి, పైన ముప్ఫై కుట్లు వేసి, ఇప్పుడు నన్ను ‘చిట్టితల్లీ’ అని పిలుస్తున్నారు. పిలిచే నర్సుకి ఇరవై రెండేళ్ళు, నాకు అరవై ఎనిమిది. ఊరుకున్నాను, ఎందుకంటే టీ తెచ్చేది ఆ పిల్లే.

మాంసం కొట్టు మెట్టు మీద నేను జారిపడ్డ సంగతి పాస్కో ఆవిడ చుట్టుపక్కల అందరికీ టముకు వేసిందట. మన ఫోను లైను మీద ఏడిళ్ళున్నాయి, ఒకరు మాట్లాడితే ఏడిళ్ళూ వింటాయి. అందుకని ఫోను చేయకు, రాయి. నీకు ఉత్తరం రాయడమంటే పన్ను పీకించుకోవడంలాంటిదని నాకు తెలుసు. అయినా రాయి.

అసలు సంగతి నా తొండ, బిషప్. చలికాలం అయిపోవస్తోంది, ఎండ ముదురుతోంది కాబట్టి ఈపాటికి చలినిద్ర లేచి ఉంటాడు. లేవగానే తోక చూడు. నిద్రకి ముందు కుబుసం విడిచినప్పుడు తోక చివర పాత చర్మం ఉంగరంలా ఓ చుట్టు మిగిలిపోయింది. లేచాక నానబెట్టి తీద్దామనుకున్నాను, ఈలోగా నేనే పడ్డాను. వాడికి మొదటి వారం మిడతలు రెండే పెట్టు. ఎండలో గంట కూర్చోబెట్టు. పేరు పెట్టి పిలువు. నవ్వకు, వాడికి తెలుస్తుంది.

అన్నయ్య కూతురు లినెట్ రోజూ వస్తోంది. నిన్న ఒక వృద్ధుల హోమ్ కరపత్రం తెచ్చింది. “డాక్టరు కావాలంటే రెండొందల కిలోమీటర్లు. ఇంకా ఎందుకత్తా ఆ గొర్రెల మధ్య?” అంది. “నన్ను నమ్ముకుని ఇంట్లో ఒక ప్రాణి ఉంది” అన్నాను. “ఎవరు, బాబాయా?” అంది. “బాబాయి వండుకు తినగలడు. నేనంటున్నది నా తొండని” అన్నాను. నవ్వి కరపత్రం సంచీలో పెట్టేసుకుంది. ఇంటికెళ్ళడానికి నా దగ్గరున్న సమాధానం అదొక్కటే మెర్విన్. దాన్ని జాగ్రత్తగా చూడు.

ఒంట్లో ఇనుమున్నా ఇంకా తుప్పు పట్టని,
నీ అక్క ఎల్వా


మల్గా వెల్
ఆగస్టు 18

ఎల్వక్కకి,

ఉత్తరం అందింది. ఇక్కడ పద్నాలుగు మిల్లీమీటర్ల వాన పడింది. ఉత్తరం వైపు చెరువు నిండింది. గాలిమర కీచుమంటోంది, పైకెక్కి నూనె వేయాలి.

ఈ వారమంతా గొర్రెపిల్లల పనే. చెవులకి గుర్తులు వేయడం, తోకలు తీయడం. ఈ ఏడాది పిల్లలు బాగా దక్కాయి, పదకొండొందలు దాటాయి. సాయానికి ఇద్దరు మనుషుల్ని పెట్టుకున్నాను. అందులో ఒకడు రోజంతా ఈల వేస్తాడు. ఒకటే పాట, అందులోనూ సగమే వచ్చు.

బిషప్ సోమవారం లేచాడు. తన పెట్టెలోంచి నన్ను చూసి, నువ్వు కాదని తెలిసి, మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. తోక కొస గోరంత నల్లబడి ఉంది. ఎండుపుల్లలా ఉంది. చూశాను, చేయాల్సింది చేశాను. నువ్వు దాని గురించి ఆలోచించకు. కాలు సంగతి చూసుకో. తొందరపడి రావద్దు.

మెర్విన్


అడిలైడ్
ఆగస్టు 24

తమ్ముడా,

‘చేయాల్సింది చేశాను’ అంటే ఏం చేశావు? ఈలపాట వాడి గురించి రెండు వాక్యాలు రాయగలిగినవాడివి, నా తొండ గురించి ఇంకో వాక్యం రాయలేకపోయావా?

చెప్తాను, ఒకటికి రెండుసార్లు చదువు. వెడల్పాటి గిన్నెలో నీళ్ళు పోయి. మణికట్టు మీద వేసుకుంటే చల్లగానూ వేడిగానూ అనిపించకూడదు. వాడి మోచేతుల దాకా రావాలి, అంతకు మించితే బెదురుతాడు. పావుగంట ఉంచు. తర్వాత చిటికెడు ఆలివ్ నూనె రాసి, ఆ పాత చర్మం చుట్టుని వేలితో మెల్లగా నిమురు. వస్తే వస్తుంది, రాకపోతే మర్నాడు. లాగకు. ముఖ్యంగా, తోకకి ఏమీ కట్టకు, గుడ్డ కూడా చుట్టకు. ఆ పాత చర్మమే దారంలా బిగిసి కొసకి రక్తం అందకుండా చేసింది, అందుకే నల్లబడింది. ఇప్పుడు కావాల్సింది బిగుతు వదలడం.

నేను నిన్న కిటికీ దాకా నడిచాను. కిటికీలోంచి కార్ల స్టాండు కనిపిస్తుంది. చూడటానికి ఏమీ లేదు, అయినా రెండుసార్లు నడిచాను. డాక్టరు “ఇంట్లో ఎవరున్నారు?” అని అడిగాడు. “తమ్ముడున్నాడు” అన్నాను. “ఎలాంటివాడు?” అన్నాడు. “మాటలు తక్కువ, చేతులు మంచివి” అన్నాను.

బిషప్ తింటున్నాడా? దీనికి మాత్రం జవాబు రాయి.

అక్క


మల్గా వెల్
సెప్టెంబరు 1

ఎల్వక్కకి,

రెండు ఉత్తరాలూ దగ్గర పెట్టుకుని రాస్తున్నాను. తింటున్నాడు. నీళ్ళలో పెడుతున్నాను.

గాలిమరకి నూనె వేశాను. ఇంకా కీచుమంటోంది.

నీ రాక గురించి ఆలోచించాను. నడవలో పలకలు రెండు ఊగుతున్నాయి. స్నానాల గది గడప ఎత్తు. చేతికర్రతో నీకు కష్టం. ఎండలు బాగా వచ్చేదాకా, నవంబరు దాకా అనుకో, అక్కడే ఉంటే మంచిది. లినెట్ ఫోను చేసింది. ఆ హోములో తోట బాగుంటుందట. ఊరికే చూసి రాకూడదూ, పోయేదేముంది.

పాస్కో ఆవిడ కేకు పంపింది. అడుగు మాడింది.

మెర్విన్


అడిలైడ్
సెప్టెంబరు 7

మెర్విన్‌కి,

చూసొచ్చాను. నువ్వు చెప్పావు కాబట్టి వెళ్ళాను. గులాబీలున్నాయి, వాటి మధ్య సిమెంటు దారి, దారి పక్కన బెంచీలు, బెంచీల మీద నాలాంటి వాళ్ళు. “జంతువులేమైనా ఉంచుకోవచ్చా?” అని హోము చూసే మేట్రన్‌ని అడిగాను. “పిచ్చుక కూడా కుదరదండీ” అంది. మర్యాదగానే అంది.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నడవ పలకలు నీకు ఇప్పుడే గుర్తొచ్చాయా? మా ఆయన చనిపోయిన ఏడాది నేను మల్గా వెల్ వచ్చాను. పద్దెనిమిదేళ్ళయింది. ఆ పలకల మీద రోజుకి నలభైసార్లు తిరిగాను. నవంబరు అన్నావు. నవంబరు వస్తే క్రిస్మస్ అంటావు. ఒంటరిగా హాయిగా ఉన్నట్టున్నావు. ఉంటే సూటిగా చెప్పు, నేనేం ఏడవను. నిన్నటి నుంచి కాస్త ఏడ్చాను, అది కాలు నొప్పికి.

ఒక్క పని చేసి పెట్టు. తోకలో నల్లబడింది ఎంతో, అంత పొడుగు దారం కత్తిరించి కవర్లో పెట్టి పంపు. నీ మాటలకంటే దారం నయం.

ఎల్వా


మల్గా వెల్
సెప్టెంబరు 15

అక్కా,

దారం పంపడం లేదు. పంపితే చూడగానే నీకు తెలిసిపోతుంది, కాబట్టి నేనే చెప్తున్నాను. ఇప్పటికి మూడు కాగితాలు పొయ్యిలో వేశాను.

బిషప్ తోకకి నేను రబ్బరు రింగు వేశాను. గొర్రెపిల్లలకి వేసేదే.

ఆ సోమవారం దొడ్లో పొద్దుణ్ణించీ నాదదే పని. పట్టకారుతో రింగు సాగదీయడం, పిల్ల తోకకి ఎక్కించడం, వదలడం. రక్తం ఆగిపోయి మూడు వారాల్లో తోక దానంతటదే రాలిపోతుంది. ఎన్నేళ్ళుగానో చేస్తున్నాను, తోక వల్ల ఒక్క పిల్ల పోలేదు. మధ్యాహ్నం టీకి ఇంట్లోకొస్తే బిషప్ లేచి ఉన్నాడు. తోక కొస చచ్చిపోయి కనిపించింది. పట్టకారు ఇంకా చేతిలోనే ఉంది. చచ్చింది ఎలాగూ రాలాలి, శుభ్రంగా రాలనిద్దాం అనుకున్నాను. నలుపుకి రెండు వేళ్ళ పైన వేశాను. వాడు కోపంతో గడ్డం నల్లగా ఉబ్బించి నా బొటనవేలు కరిచాడు. నేను పట్టించుకోలేదు.

ఏమీ కట్టొద్దన్న నీ ఉత్తరం వచ్చేసరికి రెండు వారాలైంది. అది చదివిన చోటే నిలబడి రింగు కోసేశాను. అప్పటికే అది చర్మంలోకి దిగిపోయింది. తీసినా నలుపు ఆగలేదు, రింగు ఉన్న చోటు దాటి పైకి పాకింది. ఇప్పుడు నా చిటికెన వేలంత ఉంది. వాసన వస్తోంది. ఆదివారం నుంచి ఏమీ తినలేదు. మిడతని ముక్కు ముందు పెట్టినా మొహం తిప్పుకుంటున్నాడు.

తింటున్నాడని నేను రాసినప్పుడు కూడా సరిగా తినడం లేదు. అబద్ధం రాశాను. పలకలు ఊగుతున్న మాట నిజమే కానీ అవి ముప్ఫై ఏళ్ళుగా ఊగుతున్నాయి. నువ్వొచ్చేలోపు తోక రాలి, పుండు మానితే, మెర్విన్ బాగా చూశాడు అంటావనుకున్నాను. అందుకే ఆలస్యంగా రమ్మన్నాను. ఇంకే కారణమూ లేదు. నువ్వు రావద్దని నేనెందుకనుకుంటాను?

రేపు పొద్దున్నే వాణ్ణి బ్రోకెన్ హిల్ తీసుకెళ్తున్నాను. అక్కడ పశువుల డాక్టరు కొత్తగా వచ్చిందట. ఈ ఉత్తరం అక్కడే పోస్టు చేస్తాను.

మెర్విన్


అడిలైడ్
సెప్టెంబరు 17

మెర్విన్‌కి,

దారం రాలేదు, మాట కూడా రాలేదు. పది రోజులు చూశాను. నాకు అర్థమైంది.

నిన్న హోము కాగితాల మీద సంతకం పెట్టాను. అక్టోబరు మూడు, సోమవారం నుంచి గది నాది. తూర్పు వైపు కిటికీ ఉంది, పొద్దున ఎండ వస్తుంది. లినెట్ సంతోషంతో నన్ను ముద్దు పెట్టుకుంది. మంచి పిల్లే, ఏం అనడానికి లేదు.

నా కుట్టు మిషను పాస్కో ఆవిడకి ఇచ్చెయ్. నీలం దుప్పటి నాకు పంపు. బిషప్‌ని కంచె మీద వదిలేయకు. వాడు చిన్నప్పటి నుంచి పెట్టెలోనే పెరిగాడు, వేట రాదు, గద్ద వస్తే తలెత్తి చూస్తాడు తప్ప పారిపోడు. నువ్వే ఉంచుకో. నీకు ఇష్టం లేకపోయినా ఉంచుకో, వాడు ఎంతో కాలం ఉండడు.

ఎల్వా


మల్గా వెల్
సెప్టెంబరు 19

అక్కా,

నా పోయిన ఉత్తరం నీకు ఇంకా చేరిందో లేదో. బతికే ఉన్నాడు. మొదట అది రాశాను, ఇక మిగతాది.

బ్రోకెన్ హిల్ వెళ్ళేటప్పుడు చలిగా ఉంది కాబట్టి పెట్టెలో పెట్టలేదు. చొక్కా లోపల, ఒంటికి ఆనించి పెట్టుకున్నాను. రెండొందల కిలోమీటర్లూ గోళ్ళతో నా బనీను పట్టుకుని కదలకుండా ఉన్నాడు. దారిలో రెండుసార్లు బండి ఆపి ఊపిరి చూశాను.

డాక్టరు చిన్నపిల్ల. తోక చూసి, “ఎవరు చేశారిది?” అంది.

“నేనే” అన్నాను.

“మీరేం చేస్తుంటారు?”

“గొర్రెలు.”

“అనుకున్నాను” అంది. తర్వాత కూర్చోబెట్టి వివరంగా చెప్పింది. గొర్రెపిల్ల ఒంట్లో వేడి దానికే ఉంటుంది, తొండకి ఎండే వేడి. చలికాలం చివర ఒళ్ళు చల్లగా, రక్తం నెమ్మదిగా ఉంటుంది. దానికి రింగు వేస్తే తోక ఎండి రాలదట, కుళ్ళు వెన్ను వైపు ఎక్కుతుందట. “ఇంకో వారం ఆగితే తీసుకురావాల్సిన పని ఉండేది కాదు” అంది.

“మళ్ళీ పెరుగుతుందా?” అని అడిగాను.

“బల్లి కాదండీ ఇది. ఎంత మిగిలితే అంతే” అంది.

మత్తు సూది ఇచ్చి, నలుపుకి పైన మంచి కండలోకి కోసింది. జానెడు తోకలో సగం పోయింది. నన్ను బయటికి వెళ్ళమంది, నేను వెళ్ళలేదు. గొర్రెలకి ఎన్ని చూశానో లెక్క లేదు, దీనికి మాత్రం గోడ పట్టుకున్నాను.

పెట్టెలో ఇసుక తీసేసి పాత పేపర్లు పరిచాను, ఇసుక పుండులోకి పోతుందట. పొద్దున, సాయంత్రం గోరువెచ్చని నీళ్ళలో గోధుమరంగు మందు కలిపి, పలచటి టీ రంగు వచ్చేలా, ఐదు నిమిషాలు ముంచి తుడవాలి. మిడతల్ని పెట్టెలో వదలకూడదు, అవి పుండు కొరుకుతాయట. చేత్తో ఒక్కొక్కటీ పట్టుకుని తినిపించాలి. పట్టుకుంటున్నాను. వాడు తినడం లేదు. పేరు పెట్టి కూడా పిలిచాను.

మెర్విన్


అడిలైడ్
సెప్టెంబరు 24

ఒరేయ్ మెర్విన్,

మంగళవారం నీ రింగు ఉత్తరం, ఇవాళ పశువుల డాక్టరు ఉత్తరం అందాయి. మొదటిది చదివి నిన్ను తిట్టిన తిట్లకి పక్క మంచం ఆవిడ చెవి మిషను తీసేసింది. నీ బుర్రలో ఉన్నది కూడా గొర్రె ఉన్నేనా? నేను తోకకి ఏమీ కట్టొద్దని రాసేసరికే కట్టేసి కూర్చున్నావు, సరే. కోసేశాకైనా చెప్పాలి కదా? నువ్వు తోక దాచిపెడుతున్నావు, నేనేమో నువ్వు నన్ను వద్దనుకుంటున్నావని దిండు తడుపుతున్నాను. పద్దెనిమిదేళ్ళు ఒకే టేబులు దగ్గర తిన్నాం, నోరు తెరిచి ఒక్క మాట అడగడం ఇద్దరికీ చేతకాలేదు.

ఇప్పుడు అసలు గొడవ విను. నీ రింగు ఉత్తరం నా మంచం మీద ఉంటే లినెట్ చదివింది. చదివి తిన్నగా నా డాక్టరుకి చూపించింది. “చూడండి డాక్టరుగారూ, బాబాయి మంచివాడే, కానీ ఒక తొండని అప్పజెప్తే ఇలా చేశాడు. రేపు అత్త పుండు ఎవరు చూస్తారు?” అంది. ఏమంటాను? నీ చేతిరాతే.

హోము వాళ్ళని బతిమాలాను. సోమవారం, మూడో తారీఖు సాయంత్రం దాకా ఆగుతామన్నారు, ఆ తర్వాత సంతకం సంతకమే. డాక్టరు ఆ రోజు పది గంటలకి వార్డుకొస్తాడు. “ఇంట్లో చూసుకునే మనిషిని నాతో మాట్లాడమనండి. మాట్లాడాక చెప్తాను” అన్నాడు. లినెట్ కూడా ఉంటుంది.

నువ్వు అడిలైడ్ వచ్చి ఇరవై ఏళ్ళయింది. ఊళ్ళో బండి నడపడమంటే నీకు భయమని తెలుసు. రమ్మని అనడం లేదు. ఎప్పుడు, ఎక్కడన్నది మాత్రం చెప్తున్నాను.

బిషప్ పోతే పోయాడని రాయి. నన్ను ఓదార్చడానికి ఇంకో అబద్ధం రాశావంటే నిన్ను క్షమించను. వాడు లేకపోతే డాక్టరు ముందు నేను మూగదానిలా నిలబడాలి, అది నాకు తెలుసు, అయినా నిజమే రాయి.

అక్క


మల్గా వెల్
సెప్టెంబరు 29

అక్కా,

సంతకం ఉత్తరం పోయిన శుక్రవారం వచ్చింది. వెంటనే ఫోను చేశాను. నువ్వు నడక నేర్చుకునే గదిలో ఉన్నావన్నారు. చెప్పాలనుకున్నది ఆ నర్సుకి చెప్పలేకపోయాను. లైనులో పాస్కో ఆవిడ ఊపిరి వినిపిస్తూనే ఉంది. పెట్టేశాను. తిట్ల ఉత్తరం మొన్న వచ్చింది, అది చదివాక మనసు కాస్త తేలికైంది.

నిజం రాయమన్నావు. నిన్న పొద్దున బిషప్ తిన్నాడు. ఒక మిడత. ఇవాళ నాలుగు, సగం ద్రాక్షపండు. కుట్లు ఇంకా ఉన్నాయి, చివర పొడిగా ఉంది, వాసన లేదు, నలుపు లేదు. తోక మొండిగా, చూడటానికి బాగా లేదు. తిరిగేటప్పుడు కాస్త ఒరుగుతున్నాడు. ఇంతకు మించి బాగుందని నేను చెప్పను.

ఆదివారం బయల్దేరుతున్నాను. బిషప్‌కి రెండు పూటలా మందునీళ్ళు తను పెడతానని పాస్కో ఆవిడ అంది. వద్దన్నాను. ఒకరికి అప్పజెప్పి వెళ్ళడం ఇప్పుడు నా వల్ల కాదు. నాతోనే తెస్తున్నాను, గిన్నె, మందు, పేపర్లతో సహా. సోమవారం పది గంటలకి డాక్టరుకి చూపిస్తాను. చేసిన తప్పు ఆయన ఎలాగూ చదివాడు. తర్వాత ఏం చేశానో కూడా చూడాలి. లినెట్ అడిగింది తప్పు ప్రశ్న కాదు. నేను తోకలు తప్ప ఏమీ చూసినవాణ్ణి కాదు. కానీ ఎలా ముంచాలో, ఎలా తుడవాలో, ఎంత వేడి ఉండాలో ఇప్పుడు తెలుసు. పిలిచినా తిననివాడి ముందు మిడత పట్టుకుని గంట సేపు కూర్చోవడం తెలుసు. ఆయనకి అదే చెప్తాను.

ఇంకొకటి ఉంది, అది అక్కడ అందరి ముందు చెప్పలేను. దారిలో బండిలో కూడా చెప్పలేను, నన్ను నేను ఎరుగుదును. నువ్వు లేనప్పటి నుంచి నేను వంటింట్లో నిలబడే తింటున్నాను. టేబులు దగ్గర కూర్చోవడం లేదు. ఒంటరిగా హాయిగా ఉన్నావా అని అడిగావు. లేను. నువ్వు మాట్లాడుతూ ఉంటే నాకు విసుగని ఇన్నేళ్ళూ అనుకున్నాను. నువ్వు రావాలి అక్కా. బిషప్ కోసం కాదు. వాడు పోయి ఉన్నా ఇదే రాసేవాణ్ణి.

అందుకే కవరు మీద ఆసుపత్రి అడ్రసు రాయలేదు. నీ పేరు రాసి, కింద మల్గా వెల్ అని మన అడ్రసే రాశాను. రేపు టపా బండికి ఇస్తాను, అది ఊరికెళ్ళి ముద్ర వేయించుకుని మంగళవారం మధ్యాహ్నం మళ్ళీ మన గేటు దగ్గరికే వస్తుంది. అప్పటికి నువ్వు ఇంట్లో ఉంటావు. నువ్వు చదివేటప్పుడు నేను గొర్రెల దగ్గర ఉంటాను. చదివానని నాకు చెప్పకు, టేబులు మీద రెండు కంచాలు పెట్టు చాలు.

నీ తమ్ముడు
మెర్విన్